పేరు తెలియని తీగ మొక్కలకు ఫోన్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌ను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. మాది నల్లగొండ. వరండాలో వేలాడదీసిన కుండీల్లో ఉన్నవన్నీ చుట్టాల దగ్గర, పక్కిళ్లలో అడిగి తెచ్చుకున్న కొమ్మలే కాబట్టి వేటి పేరూ మాకు తెలియదు. పూసే మొక్కలకు ఈ యాప్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తడబడేదల్లా ఇంట్లో పెంచే తీగల దగ్గరే. వాటిలో చాలావరకు కుండీల్లో పూయవు, ఆకులు చూస్తే అన్నీ ఒకే తీరు.

మా చిన్నమ్మ ఇచ్చిన తీగనే తీసుకోండి. ఒక ఫోటోకు మనీప్లాంట్ అంది, ఇంకో ఫోటోకు ఫిలోడెండ్రాన్ అంది, కాస్త దూరం నుంచి తీస్తే తమలపాకు అంది. ఈ మూడో జవాబు చిన్న తప్పు కాదు. మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్ రెండింటిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. సూది మొనల్లాంటి ఆ స్ఫటికాల వల్ల ఆకు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. అన్నం తిన్నాక ఆకు వేసుకునే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. తమలపాకును నలిపితే ఘాటు వాసన వస్తుంది, దాన్ని పోల్చుకోవడానికి యాప్ అక్కర్లేదు.

మిగతా రెండింటి తేడా చిగురు దగ్గర తెలుస్తుంది. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు పల్చటి తొడుగులోంచి వస్తుంది, ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి రాలిపోతుంది. మనీప్లాంట్‌కు అలా విడిగా రాలే తొడుగు ఉండదు, పైగా ఆకు కాడ మీద గాడి కనిపిస్తుంది. చిన్నమ్మ తీగకు తొడుగు ఉంది, అంటే అది ఫిలోడెండ్రానే. చిగురును, కణుపును దగ్గరగా తీసి పెట్టినప్పటి నుంచి యాప్ కూడా మాట మార్చలేదు.

ఆకు వెనక వైపు కూడా తీయండి. పైన వెండి చారలు, కింద ఊదా రంగు ఉంటే ట్రాడెస్కాన్షియా జీబ్రినా అని వెంటనే చెప్పేస్తుంది. ఎర్రటి ఎండలో మాత్రం తీయొద్దు, ఆకు మెరుపుకి చారలు కనపడవు.

దళసరి ఆకుల తీగ ఒకటి ఉంది. దాన్ని పూలు వచ్చేదాకా యాప్ హోయా అని తేల్చలేకపోయింది. ఆకు తుంచితే పాలు కారడం చూసి మా అత్తమ్మ మాత్రం ముందే "ఇది జిల్లేడు జాతి" అన్నది. నిజంగానే హోయా, జిల్లేడు ఒకే కుటుంబం. పూలు రాలాక ఆ పూకాడను కత్తిరించకండి, మళ్లీ అక్కడి నుంచే పూస్తుంది.

పేరు వరకైతే యాప్ ఉంచుకోదగ్గదే. రోగం చెప్పే భాగం మాత్రం నాకు నచ్చలేదు. స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు ఎండితే బూజు తెగులు అని మందు కొట్టమంది. ఆ మొక్కకు ఫ్లోరైడ్ పడదు, మేము పోసేది బోరు నీళ్లు. మా నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని వేరే చెప్పాలా? తాగడానికి కృష్ణా నీళ్లు వస్తున్నా కుండీలకు ఇంకా బోరే. వాన నీళ్లు పట్టి పోసిన కుండీలో కొత్త ఆకులు కొసదాకా పచ్చగా వస్తున్నాయి. ఆ రోగాల సలహాకు విడిగా డబ్బు కట్టమంటారు, నేనైతే కట్టను.