మోరో బేలో పువ్వు ఫ్రీ, ఆవకాయ వాసనకి 150 డాలర్లు

కాలిఫోర్నియా సెంట్రల్ కోస్ట్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ముందు మోటెల్ సంగతి వినండి. మోరో బేలో మేం దిగిన చోట రూమ్ అద్దె రాత్రికి 139 డాలర్లు అని చూపించారు. పన్నులు, పైన 20 డాలర్ల 'ఫెసిలిటీ ఫీ' కలిపి చెక్-ఇన్‌లో రాత్రికి 177 తేల్చారు. ఆ ఫెసిలిటీ ఏంటని అడిగితే కౌంటర్లో అమ్మాయి కాఫీ మెషిన్ వైపు చెయ్యి చూపించింది. 'ఓషన్ వ్యూ' అన్నారు కదా అని తెర తీస్తే పక్క బిల్డింగు గోడ. కిటికీకి చెంప ఆనించి మెడ సాచితే ఒడ్డునున్న పెద్ద కొండబండ మోరో రాక్ అంచు కొంచెం కనిపిస్తుంది, అదీ పొగమంచు లేకపోతే. హీటర్ రాత్రంతా మూలిగిందే గానీ వేడి పుట్టలేదు. నాన్న స్వెట్టర్ మీద స్వెట్టర్, దాని మీద మంకీ క్యాప్ వేసుకుని పడుకున్నారు.

ఇదంతా సరిపెట్టుకున్నాం. ఇంటికొచ్చాక కార్డ్ మీద ఇంకో 150 పడింది. ఫోన్ చేస్తే 'డీప్ క్లీనింగ్, రూమ్‌లో ఘాటైన వాసన' అన్నారు. వంట చెయ్యలేదండీ. రూమ్‌లో వాళ్ళు పెట్టిన మైక్రోవేవ్‌లోనే పప్పన్నం వేడి చేసుకుని, అమ్మ తెచ్చిన ఆవకాయ కలుపుకుని తిన్నాం. అలాంటి ఫీజు ఉందని బుకింగ్‌లో లేదు, చెక్-ఇన్‌లో చెప్పలేదు, గోడ మీద కాగితం లేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, "నా పచ్చడి వల్లే కదమ్మా" అని అమ్మ మళ్ళీ మళ్ళీ అనడం చూసి నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మామూలుగా ఎవరితోనూ గొడవ పెట్టుకోరు. ఈసారి బుకింగ్ కాగితాలు, రూమ్ ఫోటోలు జతచేసి కార్డ్ కంపెనీలో డిస్ప్యూట్ వేశారు. కొన్ని వారాలకి 150 వెనక్కి వచ్చింది. ఫెసిలిటీ ఫీ మాత్రం రాలేదు.

ఇక వెళ్ళిన అసలు పని. మోరో మాంజనీటా అని ఒక పొద. ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది ఈ మోరో బే, లాస్ ఓసోస్ చుట్టుపక్కల పాత ఇసుక దిబ్బల మీదే. ఆ దిబ్బల మీద ఇళ్ళు లేవడంతో చోటు తగ్గిపోయి, 1994లో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని ముప్పున్న మొక్కల జాబితాలో చేర్చింది. చలికాలంలో పూస్తుంది కాబట్టి సంక్రాంతి వెళ్ళాక వచ్చే లాంగ్ వీకెండ్ పెట్టుకున్నాను. "పొద చూడ్డానికి రెండొందల మైళ్ళా?" అని మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో కారెక్కినప్పుడే మొహం ముడుచుకున్నాడు.

లాస్ ఓసోస్‌లో ఎల్ఫిన్ ఫారెస్ట్‌కి వెళ్ళండి. 90 ఎకరాలు, టికెట్ లేదు. చుట్టూ చెక్కతో వేసిన బోర్డ్‌వాక్, మెట్లు ఎక్కే పని లేదు. 16వ వీధి వైపు నుంచి వీల్‌చైర్ కూడా వెళ్తుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మొత్తం తిరిగింది. మామూలుగా మహావృక్షాలయ్యే ఓక్ చెట్లు ఇక్కడ ఉప్పుగాలికి, ఇసుక నేలకి గిడసబారి మన తల ఎత్తులో ఆగిపోయాయి. వాటి మధ్యలోనే మాంజనీటాలు.

అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ కనిపించారు. మాంజనీటాల్లో చాలావాటికి బెరడు నున్నగా ఎర్రగా ఉంటుంది, దీనికి మాత్రం బూడిదరంగులో పీచులు పీచులుగా లేస్తుందని కొమ్మ చూపించారు. పువ్వులు గుత్తులుగా, మూతి కిందికి వంచిన బుల్లి కూజాల్లా వేలాడుతున్నాయి. తెలుపే, అంచు దగ్గర లేత గులాబీ. ఒక బొద్దు తుమ్మెద వచ్చి పువ్వుని కాళ్ళతో పట్టుకుని, రెక్కలు కదపకుండానే గట్టిగా ఝుమ్మంది. ఆ అదురుకి పుప్పొడి సంచుల కొసనున్న కన్నాల్లోంచి పొడి రాలుతుందట. నాన్న వ్యవసాయ శాఖలో రిటైరయ్యారు. వెంటనే "వంకాయ పువ్వూ అంతే, టమాటా కూడా" అన్నారు. ఇక వాళ్ళిద్దరి మధ్య నా అనువాదం ఆగలేదు. ఈ పొదకి నేల దగ్గర, మళ్ళీ చిగురించే దుంపలాంటిది ఉండదట. మంట వస్తే చచ్చిపోతుంది, మట్టిలో ఉన్న గింజలు మాత్రం ఆ మంట తర్వాతే మొలుస్తాయి. "చుట్టూ ఇళ్ళు పెట్టుకుని మంట ఎవడు పెట్టనిస్తాడు?" అని నాన్న అడిగిన ప్రశ్నకి ఆవిడ తల పంకించారంతే. మా అబ్బాయి ఈలోగా ఆ తుమ్మెదని స్లో మోషన్‌లో వీడియో తీసుకున్నాడు. మొహం ముడుచుకోవడం అక్కడితో పోయింది.

మిగతావి బాగానే ఉన్నాయి. మోంటాన్యా డి ఓరో పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు, కొండ అంచు దారి బాగుంది. పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్ కూడా ఉచితమే, జనవరిలో పిల్లలతో ఉంటాయి, వాసన భరించాలి. (దానికి ఎవరూ క్లీనింగ్ ఛార్జీ వెయ్యలేదు.) రేవు మీద ఫిష్ అండ్ చిప్స్ ప్లేటు 24 డాలర్లు. చేప తాజాగా ఉంది, ఉప్పూ కారం లేవు. భీమవరం వాళ్ళ ముందు ఆ చేప నిలవలేదు. అమ్మ పర్సులోంచి కారప్పొడి తీసింది.

మళ్ళీ వెళ్తే మోరో బేలో రూమ్ తీసుకోను, అరగంట దూరంలో శాన్ లూయిస్ ఒబిస్పోలో ఉంటాను. ఎల్ఫిన్ ఫారెస్ట్ దగ్గర కారు వీధి పక్కనే పెట్టాలి, చోటు తక్కువ, కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. మాకు అక్కడ బాత్రూమ్ కనిపించలేదు. పెద్దవాళ్ళుంటే ఊళ్ళో కాఫీ షాపులో ఆ పని చూసుకునే బయల్దేరండి.