డైనమిక్ ఇంపోర్ట్‌తో భాషల ఫైళ్లు: చాన్నాళ్లు వాడాక

మా వెబ్ యాప్ తెలుగు, హిందీ, తమిళం, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. తెరలు కట్టడానికి రియాక్ట్, కోడ్‌ను బ్రౌజర్‌కు సిద్ధం చేయడానికి (బిల్డ్ చేయడానికి) వీట్, అనువాదాలకు ఐ18నెక్స్ట్ వాడుతున్నాం. ఎవరు ఏ భాష ఎంచుకుంటే ఆ అనువాదాల ఫైలు అప్పటికప్పుడు ఇంపోర్ట్() తో వస్తుంది. డైనమిక్ ఇంపోర్ట్ అంటే ఇదే. 2020 నుంచి ఇది జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది.

లాభం నిజమే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో కోడ్ పాయింటుకు (ఒక్కో యూనికోడ్ గుర్తుకు) 3 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. జిజిప్‌తో కుదిస్తే కొంత తగ్గినా, అన్ని భాషలూ మొదట్లోనే దించితే తెలుగు చదివేవాళ్లు తమిళానికీ డేటా కట్టినట్టే. విడగొట్టాక చవక ఫోన్లలో మొదటి పేజీ చురుగ్గా తెరుచుకుంటోంది.

వీట్‌కు మాత్రం కొంచెం చాదస్తం. ఏయే ఫైళ్లు రావచ్చో బిల్డ్ అప్పుడే తెలియాలి కాబట్టి, పాత్ (ఫైలు ఎక్కడుందో చెప్పే దారి) మొత్తం వేరియబుల్‌లో పెడితే ఒప్పుకోదు. చుక్క, స్లాష్‌తో మొదలుపెట్టి, చివర ఎక్స్‌టెన్షన్ రాసి, మధ్యలో భాష కోడ్ మాత్రమే మార్చాలి. బ్రౌజరేమో భారత్‌లోని తెలుగును ‘టీఈ-ఐఎన్’ అంటుంది, మన ఫైలేమో ‘టీఈ’. ఐ18నెక్స్ట్‌లో లోడ్ ఆప్షన్‌ను ‘లాంగ్వేజ్ఓన్లీ’ చేస్తే ఆ గొడవ వదులుతుంది.

అసలు తలనొప్పి డిప్లాయ్ అయ్యాకే, అంటే సర్వర్‌లో పెట్టాకే. లోకల్‌లో ఎంత టెస్ట్ చేసినా కనపడదు. పొద్దున తెరిచిన ట్యాబ్ అలాగే ఉంటుంది, మధ్యాహ్నం కొత్త బిల్డ్ వెళ్తుంది, ఫైళ్ల పేర్లలో ఉండే హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్ని బట్టి వచ్చే కోడ్) మారిపోతుంది. సాయంత్రం ఆ ట్యాబ్‌లో తెలుగు నొక్కితే పాత పేరుతో అడుగుతుంది. సర్వర్ 404 (ఫైలు లేదు) అన్నా నయమే. సింగిల్ పేజ్ యాప్ (ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీతో నడిచేది) కాబట్టి 200 (అంతా సరే) చెప్పి ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ పంపిస్తుంది. బ్రౌజర్ మైమ్ టైప్ (ఫైలు రకం) తప్పని కన్సోల్‌లో ఎర్రగా అరుస్తుంది, యూజర్‌కేమో బటన్ పనిచేయలేదంతే. ఇలాంటప్పుడు వీట్ ‘ప్రీలోడ్ఎర్రర్’ ఈవెంట్ ఇస్తుంది, పేజీ రీలోడ్ చేయమంటుంది. సగం నింపిన ఫారం ఉన్నవాళ్లకు ఆ సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు. పాత బిల్డ్ ఫైళ్లను కొన్నాళ్లు సర్వర్‌లోనే ఉంచడం మేలు. ఇంగ్లీషు ఫైలు మాత్రం మెయిన్ బండిల్‌లోనే, అంటే యాప్‌తో పాటే మొదట దిగే ఫైలులోనే పెట్టాం. ఏదీ రాకపోయినా ‘మెనూ.హోమ్’ లాంటి కీలు (అనువాదాలను వెతికే పేర్లు) తెరమీద బయటపడవు.

రెండే భాషలు, వందలోపు వాక్యాలు ఉన్న సైటుకు ఇదంతా దండగ. నాలుగైదు భాషలుంటే వాడండి. భాషల మెనూ తెరవగానే ఎక్కువమంది ఎంచుకునే ఫైలును వెనక ఇంపోర్ట్ చేసి పెట్టండి. తర్వాత నొక్కినా మాడ్యూల్ రెండోసారి డౌన్‌లోడ్ కాదు.