ఆరోగ్యశ్రీ కార్డు: "ఇంకా రాలేదండి" అంటే మూడు అర్థాలు

ఆంధ్రప్రదేశ్‌లో పేదింటి ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం భరించే ఈ పథకం పేరు మూడుసార్లు మారింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ పోయి ఎన్టీఆర్ వైద్య సేవ, అది పోయి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ ముందు టీ కొట్టు దగ్గర నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ రిసెప్షన్ల దాకా జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీయే. నేనూ అలాగే రాస్తాను. 2008లో విశాఖకు వచ్చినప్పటి నుంచి ఈ కార్డు మీదే బతుకుతున్న ఇల్లు మాది. 25 లక్షల పరిమితి, 3,257 చికిత్సలు, 104 హెల్ప్‌లైన్ నంబరు అందరికీ తెలిసిన సంగతులు, వాటి జోలికి పోను. నాకు ఒళ్లు మండేది ఒకే ఒక్క చోట, చికిత్సకు ముందు పథకం ఇవ్వాల్సిన అనుమతి, అంటే అప్రూవల్ దగ్గర. కాగితాల మీద దాన్ని ప్రీ ఆథరైజేషన్ అంటారు. ఆసుపత్రిలో ఎవరిని అడిగినా "శ్రీలో ఇంకా రాలేదండి" అంటారు.

ఆ "రాలేదు"కి మూడు అర్థాలున్నాయి. కేసు అసలు ఆన్‌లైన్‌లో ఎక్కించలేదు, అది ఒకటి. ఎక్కించారు గానీ పథకాన్ని నడిపే ట్రస్టు తరఫు డాక్టరు ఏదో కాగితం అడిగి పెండింగులో పెట్టారు, అది రెండు. తిరస్కరించారు, అది మూడు. మూడింటికీ బయటికి వచ్చే మాట ఒకటే. మూడింటికీ చేయాల్సిన పని మాత్రం వేరు. ఈ తేడా తెలియక వార్డు బయట బెంచీ మీద రెండు రోజులు ఊరికే కూర్చునేవాళ్లే ఎక్కువ.

వరస ఇలా ఉంటుంది. ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర కౌంటర్లో రైస్ కార్డు లేదా ఆధార్ చూపి పేరు నమోదు చేయించుకోవాలి. డాక్టరు చూసి, చికిత్స జాబితాలో ఉందని తేలితే అడ్మిషన్ ఇస్తారు. అప్పుడు ఆసుపత్రి తరఫున ఆరోగ్యశ్రీ పనులు చూసే డాక్టరు రిపోర్టులు, ఫిల్ములు, బెడ్ మీద రోగి ఫోటో అన్నీ ఎక్కించి, చికిత్స కోడ్ పెట్టి పంపుతారు. అవతల ట్రస్టు ప్యానెల్ డాక్టరు చూసి సరే అంటేనే ఆపరేషన్. కాబట్టి మొదట అడగాల్సింది "వచ్చిందా" అని కాదు, "కేసు ఎక్కించారా, నంబరు ఎంత" అని. నంబరు చెప్పలేకపోతే చాలాసార్లు కేసు ఇంకా ఆసుపత్రి గుమ్మం దాటలేదనే అర్థం. నంబరుంటే మిత్ర తెర మీద అది ఏ మెట్టు దగ్గర ఉందో చూసి చెప్పగలరు.

పెండింగు ఎక్కువగా పడేది రోగం వల్ల కాదు, కాగితాల వల్ల. ఎక్స్‌రే మీద పేరూ తేదీ ఉండవు. కేస్ షీట్‌లో కుడి కాలు, ఫిల్ములో ఎడమ కాలు. యాంజియోగ్రామ్ రిపోర్టు ఎక్కిస్తారు, వీడియో ఎక్కించరు. ఈసీజీ పాతది. గాజువాక హైవే మీద బండి ప్రమాదాల్లాంటి వాటికైతే ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి నమోదు, దాని కాపీ ఉండదు. దాని కోసం కేసు ఆగితే మిత్ర చేయగలిగేది తక్కువ, మనిషే వెళ్లి క్యాజువాలిటీ డెస్కు దగ్గర నిలబడి తెచ్చుకోవాలి. మరో ఆసుపత్రిలో తీసిన స్కాన్ తెస్తే ఫిల్మూ రిపోర్టూ రెండూ ఉండాలి, ఫోన్లో ఫోటో చాలదు. "ఏ కాగితం అడిగారు?" అని సూటిగా అడిగితే మిత్ర చెప్తారు. ఆ ఒక్క ప్రశ్నతో ఒక్క పూటలోనే కదిలిన కేసులున్నాయి.

తిరస్కరణ వేరే సంగతి. ఎక్కువగా కోడ్ తప్పు, లేదా ఆ కోడ్‌కి కావలసిన లక్షణం రిపోర్టులో లేదు. కోడ్ తప్పయితే డాక్టరు మార్చి మళ్లీ పంపొచ్చు. ఆ మాట మనం అడిగితేనే కదులుతుంది.

గుండెపోటు, తలకు దెబ్బ లాంటివి అప్రూవల్ వచ్చేదాకా ఆగవు కదా. అందుకే ఫోన్ ద్వారా అత్యవసర అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వెసులుబాటు పథకంలో మొదట్నుంచీ ఉంది, కాగితాలు తర్వాత పంపుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన ఆసుపత్రి తలుపు తీసి లోపలికి తీసుకుంటుంది. తెలియనట్టు నటించేది "ముందు అడ్వాన్సు కట్టండి, అప్రూవల్ వచ్చాక సర్దుతాం" అంటుంది. ఆ సర్దడం చాలా అరుదు. అడ్వాన్సు కట్టక తప్పకపోతే ఆసుపత్రి ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క ఫిర్యాదుకు పనికిరాదు.

అడిగితే మిత్ర అన్నీ చెప్తారన్నట్టు పైన రాశాను. కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పగటిపూట పెద్ద ఆసుపత్రిలో ఆ కౌంటరే ఈ పథకానికి ప్రాణం. ప్రైవేటు బీమా కంపెనీ ఇలా ఆసుపత్రి గుమ్మంలో తన మనిషిని కూర్చోబెట్టడం నేనైతే చూడలేదు. కానీ చిన్న ఆసుపత్రుల్లో రాత్రిపూట ఆ కుర్చీ ఖాళీగా కనబడటం మామూలే. అప్పుడు 104కి చేసి, ఫోన్ ఎత్తిన వాళ్లకు ఆసుపత్రి పేరు, రోగి పేరు, కార్డు నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. నంబరు లేని ఫోన్ కాల్‌ని మర్నాడు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

"మంచి స్టెంట్ వేయాలంటే పైన కొంత కట్టాలి" అనే మాట ఇంకా వినబడుతుంది. ప్యాకేజీలో స్టెంటూ, మందులూ, పరీక్షలూ, భోజనం, తిరుగు ఛార్జీలూ కలిసే ఉంటాయి. స్టెంట్ ధర మీద కేంద్రం 2017 ఫిబ్రవరిలోనే కళ్లెం వేసింది, మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600 రూపాయలు. లక్షల్లో పైకం అడుగుతున్నారంటే అది స్టెంట్ లెక్క కాదు. డిశ్చార్జి రోజు సంతకం పెట్టించుకునే సంతృప్తి పత్రం దగ్గర అసలు మోసం జరుగుతుంది. డబ్బు ఏమీ తీసుకోలేదు, మందులూ ఛార్జీలూ ముట్టాయి అని ఒప్పుకునే కాగితం అది. ఇంటికి వెళ్లే తొందరలో చదవకుండా సంతకం పెట్టేస్తే, తర్వాత మనం పెట్టే ఫిర్యాదుకి మన సంతకమే అడ్డం. ఆసుపత్రి ఇవ్వాల్సిన పది రోజుల మందులు చేతిలో పడ్డాకే కలం పట్టాలి.

రూపాయి ఖర్చు లేదన్న మాట కూడా సగమే నిజం. పదో రోజు తర్వాత మందుల ఖర్చు మనదే. గుండె ఆపరేషన్ల లాంటి కొన్నింటికి విడిగా ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది, కానీ అది మందుల చీటీ మీద తనంతట తాను కనబడదు, అడగాలి. తోడుండే మనిషి గదీ, తిండీ, శ్రీకాకుళం నుంచి రానూపోనూ బస్సూ ఎవరూ ఇవ్వరు. మహారాణిపేటలో గది అద్దె సంగతి ఆసుపత్రి చుట్టూ తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కార్డులో పేరు గొడవ క్లుప్తంగా. పెళ్లై వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతే, కష్టం వచ్చిన రోజున తేలుతుంది. వార్డు సచివాలయంలో అక్కడ తీయించి ఇక్కడ చేర్పించడానికి రోజులు పడుతుంది. ఆసుపత్రిలో చేరే రోజుకి ముందే చేసుకోవాల్సిన పని ఇది. ఆధార్‌లో పేరు అక్షరాలు, కార్డులో అక్షరాలు ఒకటిగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

   డబ్బు ఎంత పరిమితి వరకూ ఇస్తామన్నది ఒక ప్రశ్న, ఆసుపత్రికి అది ఎప్పుడు ముడుతుందన్నది వేరే ప్రశ్న. మన దగ్గర నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిలంటూ 2025 అక్టోబరులో సేవలు ఆపేశాయి. అలాంటి రోజుల్లో "ఇంకా రాలేదండి"కి నాలుగో అర్థం కూడా పుడుతుంది, పంపడం ఇష్టం లేదని. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకున్న కొత్త పద్ధతిలో 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన ట్రస్టు చూస్తాయట, అప్రూవల్ ఆరు గంటల్లోనట. కేసు ఎక్కించిన గంట నుంచే కదా ఆ ఆరు గంటలు లెక్కించేది. ఎక్కించడానికి ఆసుపత్రి తీసుకునే సమయానికి గడియారం ఎవరు పెడతారో చూడాలి.

కొనమంటారా అని అడిగే సరుకు కాదు ఇది. మాకు వేరే బీమా లేదు, ఇంట్లో షుగరూ బీపీ ఉన్న పెద్దవాళ్లున్నారు కాబట్టి కంపెనీ పాలసీ ప్రీమియం మాకు అందదు. అందుకే నా మాటలో పక్షపాతం ఉంటుంది. ఉద్యోగం వాళ్లిచ్చిన పాలసీ ఉన్నవాళ్లు ముందు దాన్ని వాడుకోవచ్చు. ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఇచ్చే వైద్య బీమా కార్డు, ఆయుష్మాన్ వయ వందన, 2024 అక్టోబరు నుంచి ఉంది, అది చేయించి పెట్టుకోండి. రైస్ కార్డు జిరాక్సులు నాలుగు, ఆధార్ జిరాక్సులు నాలుగు, పాత రిపోర్టులు తేదీల వరసలో ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో కాకుండా తలుపు పక్కన ఉంచండి.