లేబుల్ లేని ‘దేశీ విత్తనాల కిట్’ కొన్నారా? సొరకాయ వండే ముందు ఇది చదవండి

మా ఇల్లు హన్మకొండలో. ఆరేళ్లుగా మిద్దె మీద సొర, బీర, పొట్ల, గుమ్మడి తీగలు పెంచుతున్నాను. ఈ వానాకాలం మా మామయ్యను ఒక రాత్రంతా ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంచాల్సి వచ్చింది. నేను తెప్పించిన విత్తనం వల్లే అట్లా జరిగింది. అదే కిట్ ఇంకా చాలామంది కొంటున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

మే నెలలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. 15 రకాల దేశీ తీగజాతి విత్తనాలు, 399 రూపాయలు. నిలువెత్తు సొరకాయ, పసుపు గుజ్జు పుచ్చకాయ, మస్కుమిలన్ అంటూ ఫొటోలు పెట్టారు. మిరుగు (మృగశిర కార్తె) లోపల విత్తనం చేతిలో ఉండాలన్న తొందరలో డబ్బు కట్టేశాను. వచ్చినవి చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు. వాటి మీద పెన్నుతో పేర్లు రాసి ఉన్నాయి. లాట్ నంబరు లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, మొలక శాతం లేదు, అమ్మినవాళ్ల చిరునామా లేదు. బిల్లు కూడా లేదు. అప్పుడే పక్కన పెట్టాల్సింది, పెట్టలేదు.

పది సొర గింజలు నాటితే నాలుగే మొలిచాయి. మన దేశంలో విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం సొర కనీసం 60 శాతం మొలవాలి. మస్కుమిలన్ అని ఇచ్చినవి చివరికి బుడంకాయలయ్యాయి. పసుపు పుచ్చ తీగకు పూలు తప్ప పిందె నిలవలేదు. అక్కడితో అయిపోతే 399 రూపాయలు పోయాయని ఊరుకునేదాన్ని.

సొర తీగలు మాత్రం పందిరంతా అల్లుకున్నాయి. ఆగస్టులో మొదటి కాయ కోశాను. లేత కాయ, గోరు గుచ్చితే దిగింది, ఎక్కడా మచ్చ లేదు. అత్తమ్మ దాన్ని తురిమి సర్వపిండి చేసింది. పిండి కలుపుతూ కొంచెం నోట్లో వేసుకుని, చేదుగా ఉందన్నది. నేను వద్దన్నాను. “ఇంట్ల కాసిన మొదటి కాయ ఎట్ల పారేస్తం బిడ్డా? కాకరకాయ చేదు తింటలేమా? ఇంత కారం, ఎల్లిపాయ ఎక్కువేస్తే తెల్వదు” అన్నది. ఆమె అన్నట్టే జరిగింది. నువ్వులు, పల్లీలు, కారం, ఎల్లిపాయ అన్నీ కలిసి గిన్నెలో ఎర్రగా కాలాక చేదు సగం దాగిపోయింది. మామయ్య రెండు తిన్నారు. గంట తిరక్కముందే కడుపులో మెలిపెట్టి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి బీపీ బాగా పడిపోయింది.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న “సొరకాయ చేదుగా ఉందా?” అని. ఇలాంటి కేసులు ఆయనకు కొత్త కాదట.

కాకర చేదూ, సొరకాయ చేదూ ఒకటి కాదు. సొర, దోస, పుచ్చ, గుమ్మడి కుటుంబంలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. పురుగులూ పశువులూ తినకుండా మొక్క చేసుకున్న రక్షణ అది. మనం తినే రకాల్లో తరతరాలుగా ఏరి ఏరి ఆ చేదును దాదాపు పోగొట్టారు. కానీ అడవి సొర పుప్పొడి కలిసిన కాయ నుంచి విత్తనం తీస్తే, తర్వాతి తరంలో చేదు గుణానిదే పైచేయి. కాయ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఉడికించినా వేయించినా ఆ విషం పోదు. విరుగుడు మందు కూడా లేదు, డాక్టర్లు సెలైన్ పెట్టి, లక్షణాలకు వైద్యం చేసి కాపాడాలి. పొద్దున్నే సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. వాటి తర్వాతే భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల బృందం 2012లో సూచనలు ప్రచురించింది: రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడాలి, చేదుంటే కాయ మొత్తం పారేయాలి, వేరే రసాలతో కలపొద్దు, తాగాక ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రసంలో వేరేవి కలిపితే చేదు మరుగున పడుతుంది. మా ఇంట్లో కారం చేసిన పని కూడా అదే.

మా అమ్మ దోసకాయ కోస్తే ముక్క నాలుకకు తగిలించి చూడకుండా గిన్నెలో వేసేది కాదు. సొరకాయకూ అంతే చేయండి. తొడిమ దగ్గర సన్నని ముక్క కోసి నాలుక మీద పెట్టి ఉమ్మేయండి. ఒక్క కాయ బాగుందని మిగతా కాయలను నమ్మొద్దు. నా నాలుగు తీగల్లో మూడు చేదువి, ఒకటి మంచిది. ఆ నాలుగూ ఒకే కవరులోంచి వచ్చినవి.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే “మీ మట్టి మంచిది కాదు, ఎండకు చేదొచ్చింది” అన్నారు. నీళ్లు చాలక, ఎండ దెబ్బకు దోస లాంటి కాయలు కొంచెం చేదెక్కడం ఉన్నదే. కానీ వానలు పడుతున్న ఆగస్టులో, ఒకే మట్టిలో, ఒకే నీళ్లతో మూడు తీగలు చేదు, నాలుగోది తీపి ఎట్లా అయ్యాయని అడిగితే నా నంబరు బ్లాక్ చేశారు. ఇప్పుడు అదే కిట్ వేరే పేరుతో కనిపిస్తోంది, ఫొటోలు మాత్రం అవే.

విత్తనం కొంటే కవరు మీద రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం ఉన్న లేబుల్ చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది, కంపెనీ తన హామీ మీద అమ్మేదానికి లేత ఆకుపచ్చది. విత్తనం అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలనీ, బిల్లు ఇవ్వాలనీ 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. బిల్లు ఉంటేనే రేపు అడగడానికి దారి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, చేతిలో బిల్లు లేక డబ్బు కట్టిన స్క్రీన్‌షాటే ఆధారంగా ఇచ్చాను. సొరలో అర్క బహార్, పూస నవీన్ లాంటి పరిశోధన సంస్థల రకాలున్నాయి. నేను ఇకపై వాటినే లేబుల్ చూసి తెచ్చుకుంటాను.

ఇంటి విత్తనం దాచుకునేవాళ్లకు ఇంకొక మాట. చేదు తీగ పుప్పొడి పడితే మీ మంచి తీగ కాయ చేదు కాదు, కానీ ఆ కాయలోని విత్తనం చేదును మోసుకుపోతుంది. సొర పూలు సాయంత్రం విచ్చుతాయి. విత్తనం కోసం ఉంచే ఆడ పువ్వుకు మొగ్గప్పుడే కాగితం కవరు కట్టి, పొద్దుగూకాక మంచి కాయలు కాసిన తీగ మగ పువ్వుతో అద్ది, మళ్లీ మూసి, తొడిమకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నేను చేదు తీగలు మూడూ వేళ్లతో సహా పీకేశాను. వాటి పక్కన కాసిన మంచి కాయల్లోంచి కూడా ఈసారి విత్తనం తీయడం లేదు. బతుకమ్మకని పెట్టిన గుమ్మడి తీగకు ఏమీ కాదు, సొర పుప్పొడి గుమ్మడికి కట్టదు.

ఆ కిట్‌లోని సొర గింజలు నేను నలుగురికి పంచాను. ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను. నాలుగో ఆమె జూన్‌లో హన్మకొండ పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున నడకకు వచ్చినప్పుడు కలిసింది, బీర విత్తనాలిచ్చి సొరవి తీసుకుంది. పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. అక్కా, ఇది మీ కంట పడితే ఆ తీగ కాయలు వండకండి. ఎవరికన్నా ఇచ్చి ఉంటే వాళ్లకూ ఇవాళే చెప్పండి.