ముగియని ఆల్బమ్ వెంట లాస్ ఏంజెలెస్‌లో: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

లాస్ ఏంజెలెస్ వెళ్లే మనవాళ్లు డిస్నీల్యాండ్, యూనివర్సల్ స్టూడియోస్, శాంటా మోనికా బీచ్ చూసుకుని వచ్చేస్తారు. అవి చూడొద్దని అనను. కానీ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు, పాత రికార్డింగుల కథలు వెతుక్కుని మరీ చదివేవాళ్లు ఇంకో ఒకటి రెండు రోజులు మిగుల్చుకోగలిగితే అదే ఊళ్లో మరో యాత్ర ఉంది. అమెరికా పాటల బృందం బీచ్ బాయ్స్ 1966లో మొదలుపెట్టి 1967లో వదిలేసిన ‘స్మైల్’ అనే ఆల్బమ్ పుట్టిన చోట్లన్నీ అక్కడే ఉన్నాయి. తిరిగి వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఇది: హాలీవుడ్‌కి ఒక పూట చాలు, బృందంలోని అన్నదమ్ములు పెరిగిన హాథార్న్‌కి తీరిగ్గా వెళ్లాలి, ప్రముఖుల ఇళ్లుండే బెల్ ఎయిర్ జోలికి పోనక్కర్లేదు.

ముందు ఆల్బమ్ సంగతి చెప్పాలి, లేకపోతే ఈ చోట్లకు అర్థం ఉండదు. బృందానికి పాటలు కట్టే బ్రయన్ విల్సన్‌కి 1966లో 24 ఏళ్లు. ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే ఒక్క పాట కోసం ఏడు నెలల పాటు నాలుగు స్టూడియోలు తిరిగాడు. పాటని మొదటి నుంచి చివరిదాకా వాయించి రికార్డు చేయడం మానేసి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేశాడు. ఒక ముక్క ఈ స్టూడియోలో, ఇంకోటి ఆ స్టూడియోలో. గది మారితే మోత మారుతుంది కదా, ఆ తేడా కూడా పాటలో వినపడాలన్నది అతని ఆలోచన. తరవాత టేపుని బ్లేడుతో కోసి అతికించి మూడున్నర నిమిషాల పాట తయారుచేశాడు. ఆ డిసెంబర్‌లో అది అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇక ఆల్బమ్ మొత్తం ఇదే పద్ధతిలో చేద్దామని కూర్చున్నాడు.

పాటలు రాయడానికి 23 ఏళ్ల వాన్ డైక్ పార్క్స్‌ని పిలిచాడు. బెవర్లీ హిల్స్ ఇంట్లో డైనింగ్ రూమ్‌లో పెద్ద పెట్టె కట్టించి, అందులో ఇసుక పోయించి, ఆ ఇసుకలో పియానో పెట్టించుకున్నాడు. అరికాళ్లకు ఇసుక తగులుతుంటే పాటలు కట్టడం. అమెరికా తూర్పు తీరం నుంచి హవాయి దాకా సాగిన వలస, రైలు పట్టాలు వేసిన కూలీలు, షికాగోని తగలబెట్టిన మంట, కూరగాయలు, గాలికి మోగే గంటలు అన్నీ ఆ పాటల్లోకి వచ్చాయి. వీళ్ల రికార్డులు తెచ్చే క్యాపిటల్ కంపెనీ ముందే 4,66,000 రికార్డు అట్టలు అచ్చేసి పెట్టుకుంది. లోపల పెట్టడానికి రికార్డే రాలేదు.

ఎందుకు ఆగిపోయిందంటే ఒక్క కారణం చెప్పడం అన్యాయం. రాయల్టీ బాకీల మీద బృందం తమ కంపెనీపైనే కేసు వేసింది. పాటల్లోని ఈ మాటలకు అర్థమేంటని బృందంలోని గాయకుడు మైక్ లవ్ అడుగుతుంటే వాన్ డైక్ పార్క్స్ విసిగిపోయి వెళ్లిపోయాడు. బ్రయన్ మానసిక ఆరోగ్యం దెబ్బతింటోంది, మాదకద్రవ్యాలు దానికి తోడయ్యాయి. వీటన్నిటికంటే పెద్దది, నా ఉద్దేశంలో, ఆ ముక్కల పద్ధతే. ఒక పాటకు అంత సమయం పట్టిన పని పన్నెండు పాటలకు ఎలా తెమిలేది? ఏ ముక్క పక్కన ఏ ముక్క వెయ్యాలో తేల్చుకోలేకపోయాడు. 1967 మేలో ఆల్బమ్ లేదని తేలిపోయింది. సెప్టెంబర్‌లో దాని బదులు ఇంట్లో తేలిగ్గా రికార్డు చేసిన ‘స్మైలీ స్మైల్’ వచ్చింది.

ఇక తిరుగుడు. హాలీవుడ్ అండ్ వైన్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న మోటెల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. కానీ బుకింగ్‌లో ఎక్కడా కనపడని ఫెసిలిటీ ఫీజు చెక్ ఇన్ దగ్గర అడిగారు. ఏ ఫెసిలిటీ అని అడిగితే వైఫై అన్నారు. రాత్రంతా వీధి గోల. కారు ఉన్నవాళ్లకు పార్కింగ్ డబ్బులు వేరే. హాలీవుడ్‌లో ఉండేది నడక కోసమే అయితే ఒక్క రాత్రి చాలు, అదీ వెనకవైపు గది అడిగి తీసుకోండి. తిండికి ఇబ్బంది లేదు. మెట్రోలో తూర్పుకు కాస్త వెళ్తే థాయ్ టౌన్ వస్తుంది. శాకాహారులు మాత్రం ఫిష్ సాస్ వద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

క్యాపిటల్ రికార్డ్స్ భవనం వైన్ స్ట్రీట్ మీద ఉంది. 1956లో కట్టిన 13 అంతస్తుల గుండ్రటి కట్టడం. లోపలికి రానివ్వరు, టూర్లు లేవు. రాత్రి పూట చూస్తే దాని కొన మీద ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతుంది. అది మోర్స్ కోడ్‌లో హాలీవుడ్ అనే పేరును అక్షరం అక్షరంగా చెప్తోంది. నిజానికి ఈ భవనం అడుగున మంచి స్టూడియోలున్నా బ్రయన్‌కి అవి నచ్చలేదు, బయట రికార్డు చేసుకుంటానని పట్టుబట్టాడు. అందుకే అసలు చోట్లు ఇక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే వస్తాయి. దారిలో 1500 వైన్ దగ్గర ఫుట్‌పాత్ మీద బీచ్ బాయ్స్ పేరున్న నక్షత్రం ఉంటుంది. ఒక ఫొటో తీసుకుని ముందుకు కదలొచ్చు.

6000 సన్‌సెట్ బులెవార్డ్. అప్పట్లో వెస్టర్న్ రికార్డర్స్, ఇప్పుడు ఈస్ట్‌వెస్ట్ స్టూడియోస్. ఈ యాత్రలో ఇంకా అదే పని జరుగుతున్న చోటు ఇదే. బ్రయన్‌కి ఇష్టమైన స్టూడియో 3 అక్కడే ఉంది, రోజూ రికార్డింగులు జరుగుతాయి. బయటివాళ్లను రానివ్వరు, రానివ్వకపోవడమే మంచిది. ఆ చిన్న గదిలో హాల్ బ్లెయిన్ డ్రమ్స్, కెరోల్ కే బేస్ గిటార్, ఇంకా పదిమంది ఇరుక్కుని కూర్చుని వాయించారు. గోడ ఇవతల ఫుట్‌పాత్ మీద నిలబడి ఇయర్‌ఫోన్స్‌లో ఆ రోజుల టేపులు వింటే, “ఇంకోసారి, పైనుంచి” అన్నట్టు బ్రయన్ గొంతు మాటిమాటికీ ఆపడం వినిపిస్తుంది. కుర్రాడు, కానీ ఎవరు ఎక్కడ ఎంత వాయించాలో అతనికి తెలుసు. నేను అక్కడ అనుకున్నదానికన్నా చాలాసేపు ఉండిపోయాను.

వైన్, శాంటా మోనికా బులెవార్డ్ కలిసే చోట గోల్డ్ స్టార్ స్టూడియో ఉండేది. 1984లో మూతపడింది, తరవాత భవనం అగ్నిప్రమాదంలో పోయింది. ఇప్పుడు ముందు పార్కింగ్ పెట్టుకుని చిన్న దుకాణాల వరస ఉంది. చూడటానికి ఏమీ లేదు. అయినా ఈ మూలకు రమ్మనే చెప్తాను, ఎందుకంటే ఆ ఆల్బమ్‌లో అన్నిటికన్నా భయం పుట్టించే సంగీతం ఇక్కడ రికార్డయింది.

1966 నవంబర్ 28 రాత్రి. షికాగో మంట గురించిన వాద్యసంగీతం అది. వాద్యకారులందరికీ బొమ్మ ఫైర్‌మన్ టోపీలు ఇచ్చారు. పొగ వాసన రావాలని బకెట్లో కట్టెలు అంటించారు. వయొలిన్లు సైరన్లలా మూలుగుతూ పైకి లేస్తాయి, కింద డ్రమ్స్ కూలిపోతున్న దూలాల్లా పడుతుంటాయి. తరవాత కొద్ది రోజులకు ఆ చుట్టుపక్కలే ఒక భవనం తగలబడింది. తన సంగీతమే ఆ మంట రేపిందేమోనని బ్రయన్ వణికిపోయాడు, ఆ టేపుని పక్కన పడేశాడు. అన్నేళ్ల తరవాత, 2004లో మళ్లీ రికార్డు చేసిన అదే ముక్కకు అతని జీవితంలో మొదటి గ్రామీ వచ్చింది. దుకాణాల ముందు నిలబడి ఇది తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ప్రముఖుల ఇళ్లు చూపిస్తామని హాలీవుడ్ బులెవార్డ్ మీద టాప్ లేని వ్యాన్లు తిరుగుతుంటాయి. బెల్ ఎయిర్ కూడా ఉందంటే ఒకటి ఎక్కాను. గైడ్ మైకులో జోకులు వేస్తూ గేట్లు, హెడ్జీలు చూపించాడు. ఫలానా పాట ఎక్కడ రాశారంటే ఆయనకు తెలియదు, తెలియదని చెప్పకుండా ఏదో ఒక గేటు చూపించాడు. ‘స్మైలీ స్మైల్’ రికార్డయిన బెలాజియో రోడ్ ఇల్లయినా, ఇసుకపెట్టె ఉన్న లారెల్ వే ఇల్లయినా ఇప్పుడు వేరేవాళ్ల కాపురాలు. అక్కడికి వెళ్లి తొంగిచూడటం మర్యాద కాదు, పైగా రోడ్డు మీద నుంచి ఏమీ కనపడదు. ఆ వ్యాన్ డబ్బులకు ఒక మంచి రికార్డు వస్తుంది.

హాథార్న్ సంగతి వేరు. ఇర్వైన్‌లో ఉండే మా తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. “అక్కా, ఆ ఇల్లే లేదు కదా, ఏం చూస్తావ్ అక్కడ?” అన్నాడు. నిజమే, లేదు. బృందంలోని విల్సన్ అన్నదమ్ములు బ్రయన్, డెన్నిస్, కార్ల్ ముగ్గురూ పెరిగిన ఇంటిని 105 ఫ్రీవే కోసం 1980ల్లో కొట్టేశారు. నేను తమ్ముడి కారు కోసం ఆగకుండా హాలీవుడ్ నుంచి మెట్రోలో వెళ్లాను. టికెట్ 1.75 డాలర్లు, రెండు చోట్ల రైలు మారాలి, గంటకు పైనే పడుతుంది. చివరగా ఎక్కే సి లైన్ రైలు సరిగ్గా ఆ 105 ఫ్రీవే నడుమే నడుస్తుంది. రెండు వైపులా కార్ల హోరు, మధ్యలో మనం. ఏ రోడ్డు ఆ ఇంటిని మింగిందో ఆ రోడ్డు మీదే చేరుకోవడం అనే విషయం కారులో వెళ్లేవాళ్లకు ఇంతగా తెలియదు, అందుకే రైలే ఎక్కమంటాను. క్రెన్షా స్టేషన్‌లో దిగితే నడక దూరం. ప్లాట్‌ఫామ్ మీద మాట వినపడనంత చప్పుడు, చిన్నపిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

3701 వెస్ట్ 119వ వీధిలో 2005లో స్మారకం కట్టారు. ఎర్ర ఇటుకల గోడ, దాని మధ్యలో తెల్లటి శిల్పంలో కుర్రాళ్లు ఒక సర్ఫ్‌బోర్డు పట్టుకుని నిలబడి ఉంటారు. కాలిఫోర్నియా చారిత్రక స్థలాల్లో దాని నంబర్ 1041. టికెట్ లేదు, గేటు లేదు, టాయిలెట్ కూడా లేదు. మామూలు మధ్యతరగతి వీధి, చుట్టూ జనం ఉండే ఇళ్లు, గట్టిగా పాటలు పెట్టకూడదు. ఆ ఇంటి గ్యారేజీలోనే తండ్రి మర్రీ విల్సన్ సంగీతం గది చేశాడు. 1961లో తల్లిదండ్రులు మెక్సికో వెళ్లినప్పుడు కూరగాయలూ పాలూ కొనుక్కోవడానికిచ్చిన డబ్బుతో పిల్లలు వాద్యాలు అద్దెకు తెచ్చుకుని మొదటి పాట సాధన చేసింది ఇక్కడే. ముగ్గురిలో డెన్నిస్ 1983లో సముద్రంలో మునిగి పోయాడు, కార్ల్ 1998లో క్యాన్సర్‌తో పోయాడు. బ్రయన్ 2025 జూన్ 11న వెళ్లిపోయాడు. ముగ్గురి గొంతులూ ‘అవర్ ప్రేయర్’లో కలిసి వినపడతాయి. మాటలే లేని ఆ చిన్న ప్రార్థనతోనే ఆల్బమ్ మొదలవ్వాల్సింది. ఫ్రీవే హోరులో ఇయర్‌ఫోన్స్ చెవులకు గట్టిగా నొక్కుకుని విన్నాను.

తిరిగి వెళ్లేటప్పుడు పిల్లలున్నవాళ్లు క్రెన్షా రోడ్డు మీద స్పేస్ఎక్స్ ఆఫీసు ముందు నిలబెట్టిన ఫాల్కన్ రాకెట్ చూపించండి. తమ్ముడి కొడుకు అక్కణ్ణుంచి కదల్లేదు. హాథార్న్‌కి వచ్చేవాళ్లు ఎయిర్‌పోర్టు దగ్గరి హోటళ్లలో దిగితే సుఖం. హాలీవుడ్ కన్నా గదులు పెద్దవి, చప్పుడు తక్కువ, ఎయిర్‌పోర్టు షటిల్ చాలావాటికి ఉచితం.

మాలిబూ వైపు కూడా వెళ్లాం. బృందం మొదటి ఆల్బమ్ అట్ట మీద ఫొటో తీసింది అక్కడి పారడైజ్ కోవ్‌లో. హాథార్న్ స్మారకం మీద శిల్పం చూసినవాళ్లకు ఆ తీరం చూడాలనిపించడం సహజం. కానీ పార్కింగ్ ఖరీదెక్కువ, అక్కడ మిగతాదంతా మామూలు బీచే. ఆ దారిలోనే క్యాలబాసస్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, మనవాళ్లు ఎలాగూ వెళ్తారు. దర్శనం చేసుకుని, కొండల మధ్య రోడ్డు మీదుగా సముద్రం దగ్గరకు దిగితే ఒక పూట హాయిగా గడుస్తుంది.

ఇక మిగిలింది వినడం. హాలీవుడ్ బులెవార్డ్ మీద అమీబా మ్యూజిక్ అనే పెద్ద రికార్డుల షాపుంది. అక్కడి కుర్రాళ్లకు విషయం తెలుసు, విసుక్కోకుండా చెప్తారు. ఈ యాత్ర మొత్తంలో నాకు దొరికిన మంచి సర్వీసు అక్కడే. ‘స్మైల్’ ఇప్పుడు రెండు రూపాల్లో దొరుకుతుంది. 2004లో బ్రయన్ తన కొత్త బృందంతో లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్‌లో మొదటిసారి పూర్తిగా వినిపించి, అదే ఏడాది రికార్డుగా తెచ్చినది ఒకటి. 1966, 67ల టేపులతోనే 2011లో వచ్చిన ‘ద స్మైల్ సెషన్స్’ రెండోది. మొదటిసారి వినేవాళ్లకు 2004దే మంచిది, మొదలూ చివరా తెలుస్తాయి. నాకు మాత్రం 2011దే ప్రాణం. అందులో బొంత కుట్టకుండా వదిలేసిన గుడ్డముక్కల్లా పాటల తునకలు పడి ఉంటాయి, ఒక డిస్క్ నిండా ‘గుడ్ వైబ్రేషన్స్’ సెషన్లే. వినేవాళ్లు తమకు తోచిన వరసలో పేర్చుకోవచ్చు. ఏళ్ల తరబడి అభిమానులు దొంగ టేపులతో చేసిన పని అదే. అందులోని ‘సర్ఫ్స్ అప్’ పాటని బ్రయన్ ఒక్కడే పియానో మీద పాడినది వినండి, తరవాత 1971లో కార్ల్ ముందుండి పూర్తి చేసిన రూపం వినండి. రెండోది అందంగా ఉంది, మొదటిదాన్ని మాత్రం నేను మధ్యలో ఆపలేను.

‘ద స్మైల్ సెషన్స్’ పెద్ద బాక్సు కొంటే అది చెక్ ఇన్ బ్యాగులో వేయకండి. మూత మీద చిరునవ్వులు అమ్మే అంగడి బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది, ఒత్తిడికి నలుగుతుంది. బట్టల్లో చుట్టి క్యాబిన్ బ్యాగులో పెట్టుకుంటే హైదరాబాద్ దాకా క్షేమంగా వస్తుంది.