వాటా దావాకి ఏడు రోడ్ల జంక్షన్ ప్లీడరు గారి ఆఫీసు: నా అనుభవం

శ్రీకాకుళంలో సివిల్ కేసుకి మంచి ప్లీడరు ఎవరని తెలిసినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఆఫీసు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద ఉంది. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, అందుకే ఆయన పేరు రాయడం లేదు.

మా నాన్నగారి పొలం సంతకవిటి మండలంలో ఉంది. నా వాటా కోసం తమ్ముళ్ల మీద రాజాం కోర్టులో దావా వేశాను. వాళ్లు జవాబు దావాలో రెండు అభ్యంతరాలు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మా మండలం విజయనగరం జిల్లాలో కలిసింది కాబట్టి శ్రీకాకుళం జిల్లా కోర్టు కిందున్న ఈ కోర్టుకి అధికారం లేదన్నది ఒకటి. నేను భూమి అనుభవంలో, అంటే స్వాధీనంలో, లేను కాబట్టి నా వాటా మార్కెట్ విలువ మీద కోర్టు ఫీజు కట్టాలి, ఆ విలువ ఈ కోర్టు వినగలిగే పరిధి దాటిపోతుందన్నది రెండోది. ఈ రెండూ ముందే తేల్చి దావా వాపసు ఇవ్వమని పిటిషన్ కూడా వేశారు.

ఇదంతా కేసు సాగదీయడానికే అని నాకు ఒళ్లు మండిపోయింది. మనం గట్టిగా ఎదిరించాలన్నాను. ఆయన మాత్రం, "టీచరు గారూ, మొదటిది ముందు వినమని మనమే అడుగుదాం, రెండోదానికి ఒప్పుకోవద్దు" అన్నారు.

ఎందుకో ఓపిగ్గా చెప్పారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 14, రూల్ 2 అని ఉంది. మామూలుగా అన్ని అంశాల మీదా ఒకేసారి తీర్పు ఇవ్వాలి. 1976 సవరణ తర్వాత, కోర్టు అధికారానికో, దావాని చట్టం అడ్డుకోవడానికో సంబంధించి, సాక్ష్యంతో పని లేని చట్టపరమైన అంశమైతేనే విడిగా ముందు తేల్చవచ్చు. తేల్చాలా వద్దా అన్నది జడ్జి గారి ఇష్టం. జిల్లా మారితే కోర్టు హద్దు మారుతుందా అన్నదానికి నోటిఫికేషన్ కాగితాలు చాలు, సాక్షి అక్కర్లేదు. అదే చివరిదాకా ఉంచి ఓడిపోతే దావా కాగితం వాపసు ఇచ్చేస్తారు, సరైన కోర్టులో మళ్లీ మొదటినుంచి విచారణ. ముసలి వయసులో ఆ కష్టం నాకెందుకన్నది ఆయన బాధ.

రెండోది అలా కాదు. ఉమ్మడి అనుభవంలో ఉన్నవాళ్లకి పార్టిషన్ (వాటాల పంపకం) దావాలో ఫీజు స్థిరంగా ఉంటుంది. అనుభవం లేనివాళ్లయితే వాటా విలువని బట్టి కట్టాలి. నేను అనుభవంలో ఉన్నానా లేదా అన్నది సాక్షులు చెప్పాల్సిన సంగతి. అది ముందు విన్నా ఆ సాక్షులనే మళ్లీ అసలు విచారణలో పిలవాలి.

వాదన రోజు ఆయన రాజాం స్వయంగా వచ్చారు. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు హద్దు దానంతట అది మారదని, దానికి వేరే నోటిఫికేషన్ కావాలని తేలికైన మాటల్లో చెప్పారు. ఆ అభ్యంతరాన్ని జడ్జి గారు కొట్టేశారు. ఫీజు సంగతి మిగతా అంశాలతో కలిపి విచారణలోనే చూస్తామన్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది, నేను అనుభవంలో ఉన్నానని చూపడానికి ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న. "పొలం నుంచి మీకేమైనా వచ్చేదా?" ఏటా సంక్రాంతికి తమ్ముడు బియ్యం బస్తాలు పంపేవాడు. అమ్మ ఆ లెక్క ఒక నోటుపుస్తకంలో రాసుకునేది, ఆటో కిరాయి ఎవరిచ్చారో కూడా. అది తెచ్చి ఇస్తే పేజీ పేజీ చదివారు. ఏయే పేజీలు కోర్టుకి పెట్టాలో కాగితం ముక్కలు పెట్టి గుర్తు చేశారు. ఇంతకుముందు ఒక ఊళ్లో కలిసిన ప్లీడరు నా కాగితాలు తెరవకుండానే ఫీజు మాట్లాడారు.

లోపాలూ ఉన్నాయి. పిటిషన్‌కి కౌంటరు (జవాబు) వేయడానికి వేరే ఫీజని ముందు చెప్పలేదు, అది నాకు భారమైంది. సాయంత్రాలు బల్ల మీద కూర్చోవడానికి చోటు దొరకదు. గుమాస్తా వాయిదా తేదీ ఫోనులో చెప్పడు, మనమే ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకోవాలి.

పొలం, ఇల్లు, వాటాల తగాదాలు ఉన్నవాళ్లకి నిస్సందేహంగా ఈ ఆఫీసే చెబుతాను. క్రిమినల్ కేసులు ఆయన తీసుకోరు. వెళ్లేటప్పుడు పాత లెక్కల పుస్తకాలు, కౌలు చీటీలు, శిస్తు రసీదులు ఏవి ఉంటే అవి పట్టుకెళ్లండి.