కన్ఫ్యూషియస్‌ను కొలిచే తీరు: తైవాన్‌లో ఒకటి, ఇండోనేషియాలో ఇంకొకటి

కన్ఫ్యూషియస్ ప్రాచీన చైనా తత్వవేత్త, గురువు. తైవాన్‌లో "మీది కన్ఫ్యూషియన్ మతమా?" అని అడిగితే చాలామంది కాదనే అంటారు. కానీ ఇంట్లో పూర్వీకుల పేర్లు రాసిన పలక ముందు అగరొత్తులు వెలిగిస్తారు. ఏప్రిల్ మొదట్లో ఛింగ్‌మింగ్ పండుగకు సమాధులు శుభ్రం చేసి పళ్లు, వంటలు పెడతారు. సెప్టెంబర్ 28న, అక్కడి గురువుల దినోత్సవం నాడు, తైపే కన్ఫ్యూషియస్ ఆలయంలో పొద్దున్నే సంగీతం, నృత్యాలతో పూజ జరుగుతుంది. మతం అనే పేరు లేకుండానే అన్నీ నడిచిపోతాయి.

ఇండోనేషియాలో అలా కుదరలేదు. అక్కడ మతానికి ప్రభుత్వ గుర్తింపు కావాలి. 1965లో పేర్కొన్న ఆరు మతాల్లో ఖోంగ్‌హుచు, అంటే కన్ఫ్యూషియన్ మతం, ఒకటి. రెండేళ్లకే, 1967లో, సుహార్తో ప్రభుత్వం చైనీయుల ఆచారాలు బహిరంగంగా జరపకుండా కట్టడి చేసింది. ఎంతోమంది తమది బౌద్ధమనో క్రైస్తవమనో రాయించుకోవాల్సి వచ్చింది. తలచుకుంటేనే బాధేస్తుంది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఆంక్షలు ఎత్తేశారు.

తైవాన్ తీరులో హాయి ఉంది, నిజమే. నాకు మాత్రం ఇండోనేషియా వాళ్ల పట్టుదల మీదే గౌరవం ఎక్కువ. లితాంగ్ అనే మందిరాల్లో వాళ్లు ఇప్పటికీ కలిసి ప్రార్థిస్తారు, పాటలు పాడతారు, ప్రసంగం వింటారు.